కిటికీ పక్క చోటు

మొన్న ఆదివారం స్నేహితుడితో మాట్లాడి ఫోన్ పెట్టేశాక మా ఆవిడ అడిగింది: "వాళ్ళమ్మగారికి కంటి ఆపరేషన్ అన్నారుగా, ఎలా ఉందట?"

తెలీదన్నాను.

"నలభై నిమిషాలు మాట్లాడారు!"

మాట్లాడిన మాట నిజమే. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరి రోజున హనుమ విహారి 161 బంతులాడి 23 పరుగులతో నిలబడ్డాడే, అది గొప్పా, అదే రోజు పంత్ కొట్టిన 97 గొప్పా అన్న దగ్గర ఆగిపోయాం. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని మనిషి అన్నేసి బంతులు ఆడటం గురించి నేను చెప్తాను. పంత్ ముందు అలా చితక్కొట్టి భయపెట్టకపోతే విహారి పది ఓవర్లు కూడా ఆగేవాడు కాదని వాడంటాడు. దానికి నా దగ్గర జవాబుంది, ఇక్కడ వద్దు. కంటి ఆపరేషన్ సంగతి మాత్రం నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

"ఇరవై ఏళ్ళ నుంచి వింటున్నా. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. మీ నలుగురికీ క్రికెట్ తప్ప ఇంకో మాటే ఉండదా?"

అప్పటికి నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. దానికి సమాధానం చెప్పుకోవడానికే ఈ పోస్టు.

మేం నలుగురం. కుర్రతనంలో ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నాం. ఇప్పుడొకడు డాలస్‌లో, ఒకడు మెల్‌బోర్న్‌లో, ఇంకొకడు నాకు బస్సులో నాలుగు గంటల దూరంలో. పేర్లు రాయను, తిడతారు. అందరం కలిసి కూర్చుని చూసిన ఆఖరి మ్యాచ్ 2003 మార్చి 23న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్. జహీర్ మొదటి ఓవర్లోనే 15 పరుగులిచ్చాడు. ఆస్ట్రేలియా 359 కొట్టింది. మన ఇన్నింగ్స్ మొదటి ఓవర్లోనే మెక్‌గ్రాత్ సచిన్‌ని 4 పరుగులకి పంపేశాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా గది ఖాళీ చేశాం. ఎవరి దారి వాళ్ళది.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. క్రికెట్ తప్ప వేరే మాట లేని స్నేహాన్ని జనం తక్కువగా చూస్తారు. "పాత రోజులు తలుచుకుని కాలక్షేపం చేస్తున్నారు" అంటారు. మాది పాత రోజుల మీద బతుకుతున్న స్నేహమని నేననుకోను. మా చదువు నాటి బ్యాచ్‌కి ఇంకో పెద్ద గ్రూపు ఉంది, నూటికి పైగా మనుషులు. మొదటి నెలంతా పాత ఫొటోలు, "ఒరేయ్ నువ్వేనా ఇది" అని కేకలు. రెండో నెలలో అవే ఫొటోలు మళ్ళీ వచ్చాయి. ఇప్పుడక్కడ పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ లేవు. పాత సంగతుల నిల్వ ఎంతుంటుంది? తీస్తూ పోతే అయిపోతుంది. మా నలుగురి గ్రూపు మాత్రం చావదు, ఎందుకంటే మనోళ్ళు మళ్ళీ బుధవారం ఆడతారు. బహుశా ఓడిపోతారు కూడా. మాట్లాడుకోవడానికి కొత్త సరుకు ఎప్పటికప్పుడు దిగుతూనే ఉంటుంది.

ఇలా అనుకుని చాలాకాలం ధీమాగా ఉన్నాను. ఆ ధీమాకి ఎక్కడెక్కడ బీటలు పడ్డాయో కూడా చెప్పాలి కదా.

నిద్రపోయి కప్పు గెలిచినవాడు

ముందు మా పిచ్చి సంగతి.

2011 ఫైనల్ నాటికి మెల్‌బోర్న్ వాడింకా ఇక్కడే ఉన్నాడు, మా ఇంటికి వచ్చాడు. సెహ్వాగ్ రెండో బంతికే వెళ్ళిపోయాడు. మలింగ బంతికి సచిన్ కూడా ఔటయ్యేసరికి స్కోరు 31కి 2. చూడలేక వీడు బాల్కనీలోకి వెళ్ళాడు. గంభీర్, కోహ్లి నిలదొక్కుకున్నారు. పదిహేను పరుగులయ్యాక వీడు తలుపు తోసుకుని రాబోతే నేనొప్పుకోలేదు. ఆ జోడీ 83 పరుగులు జోడించినంతసేపూ వాడు బాల్కనీలోనే నిలబడ్డాడు, నేను కిటికీలోంచి స్కోరు చెబుతూ ఉన్నాను. ఇద్దరం ఇంజనీర్లమే. వాంఖడేలో బంతి ఎటు తిరగాలో మా బాల్కనీ తలుపు నిర్ణయించదని ఇద్దరికీ తెలుసు. తెలిసినా ఏం లాభం?

దూరం పెరిగాక ఈ పిచ్చి తగ్గుతుందనుకున్నా. ఖండాలు దాటింది. 2024 జూన్ 29, బార్బడోస్‌లో టీ20 ఫైనల్. పదిహేనో ఓవర్లో క్లాసెన్ అక్షర్ బౌలింగ్‌లో 24 పరుగులు పిండాడు. దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులు చాలు, చేతిలో ఆరు వికెట్లు. మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున మూడు దాటింది. "నా వల్ల కాదు, పడుకుంటున్నా" అని మెసేజ్ పెట్టి వాడు నిజంగానే పడుకున్నాడు. కాసేపటికి హార్దిక్ బంతికి క్లాసెన్ ఔట్. డాలస్ నుంచి వెంటనే పెద్ద అక్షరాల్లో ఆజ్ఞ: "వాడిని ఎవడూ లేపొద్దు!" బుమ్రా వచ్చాడు, యాన్సెన్‌ని లేపేశాడు. చివరి ఓవర్ మొదటి బంతికి బౌండరీ దగ్గర సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టాడు. 7 పరుగుల తేడాతో గెలిచాం. ఆరింటికి లేచి చూసుకున్న మెల్‌బోర్న్ వాడికి ఫోన్ నిండా "లేవకు", "లేచావంటే చంపుతా" అన్న మెసేజులు. అప్పటినుంచి ఆ కప్పు తనే గెలిపించానని వాడి నమ్మకం. మేమూ కాదనలేదు.

బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో పావురాల మీద చేసిన ప్రయోగం చాలామంది చదివే ఉంటారు. పావురం ఏం చేస్తోందన్న దానితో పనిలేకుండా, నిర్ణీత వ్యవధికోసారి గింజలు పడేలా పెట్టాడు. గింజ పడ్డప్పుడు ఏం చేస్తూ ఉంటే అదే పనిని పావురాలు పదే పదే చెయ్యడం మొదలుపెట్టాయి. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకొకటి తల ఊపింది. మేమూ ఆ పావురాలమే. మాకు కాస్త ఊరట ఏమిటంటే, ఆట లోపలివాళ్ళూ అంతే. స్కోరు 111కి చేరితే అంపైర్ డేవిడ్ షెపర్డ్ ఒంటికాలి మీద గెంతేవాడు, కీడు తగలకుండా. 2011 నవంబరు 11న కేప్‌టౌన్‌లో సరిగ్గా 11 గంటల 11 నిమిషాలకి దక్షిణాఫ్రికా గెలవడానికి 111 పరుగులు కావాల్సి వచ్చింది. స్టేడియంలో జనంతో పాటు అంపైర్ ఇయాన్ గౌల్డ్ కూడా కాలెత్తి నిలబడ్డాడు.

అయితే స్కిన్నర్ పావురాలకీ మాకూ ఒక తేడా ఉంది. ఆయన ఒక్కో పావురాన్ని ఒంటరిగా పెట్టాడు. మా పిచ్చికి ఎప్పుడూ రెండోవాడు కావాలి. "కదలకు" అని చెప్పడానికి ఒకడు, కదలకుండా ఉండటానికి ఇంకొకడు. ఒక్కణ్ణే చూసినప్పుడు నేనెన్నిసార్లు లేచినా నాకేమీ అనిపించదు. వేల మైళ్ళ అవతల ఉన్నవాడి నిద్రకి ఇక్కడ విలువ కట్టడం వెర్రితనమే. కానీ తను ఎక్కడ కూర్చున్నాడో, లేచాడో పడుకున్నాడో పట్టించుకునేవాళ్ళు ఈ వయసులో ఎవరికి ఎంతమంది ఉంటారు?

వెనకబడ్డవాడే ముందు

కలిసి చూడటం అంటున్నాను గానీ, నిజానికి కలిసి చూడటం లేదు. డిష్ టీవీలో నాకు అందరికంటే ముందు వస్తుంది. డాలస్ వాడి యాప్ నాకంటే దాదాపు నలభై సెకన్లు వెనక. ఇంటర్నెట్‌లో వచ్చే వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, కుదించి, సర్వర్లకి చేరవేస్తారు. మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి యాప్ రెండు మూడు ముక్కలు ముందే పోగేసుకుని, ఆ తర్వాత చూపిస్తుంది. అందుకే ఒక్కో యాప్‌ది ఒక్కో ఆలస్యం. మొదట్లో నేను "ఛ" అని టైప్ చేసేసరికి డాలస్‌లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టేవాడు కాదు. ఆ "ఛ" ఎవరి వికెట్టో అని వాడు నలభై సెకన్లు చచ్చేంత టెన్షన్ పడేవాడు. బూతులు తిట్టాడు. చివరికి రూలు పెట్టుకున్నాం: అందరికంటే వెనక ఉన్నవాడే ముందు టైప్ చెయ్యాలి. వాడు అరిచాకే మేం అరవాలి.

రూలు బాగానే ఉంది. ఒక చిక్కు మాత్రం మాకు తట్టలేదు. వాడు మాట్లాడకపోతే ఆలస్యం అనుకుంటాం.

2023 నవంబరు 19, అహ్మదాబాద్ ఫైనల్. మనవాళ్ళు 240కి ఆలౌట్. రోహిత్ 47 దగ్గర ఉండగా ట్రావిస్ హెడ్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్ గురించి డాలస్ వాడు ఆ రోజు ఏకంగా పది మెసేజులు పెట్టాడు. తర్వాత అదే హెడ్ 137 కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు. మధ్యలో వాడు గంటసేపు కనిపించలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాం. మ్యాచ్ అయ్యాక "వీళ్ళింతే" అని ఒక ముక్క పడేసి వెళ్ళిపోయాడు. (గెలిస్తే "మనం", ఓడితే "వీళ్ళు". అమెరికన్ కాలేజీ కుర్రాళ్ళు తమ టీమ్ గెలిస్తేనే "మనం" అన్న మాట ఎక్కువ వాడతారని రాబర్ట్ చాల్దీని, ఆయన సహచరులు 1976లోనే తేల్చారు. తేల్చడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు, మా గ్రూపు చూస్తే సరిపోయేది.)

ఆ నెల మొదట్లోనే వాడి ఉద్యోగం పోయిందన్న సంగతి మాకు ఫిబ్రవరిలో తెలిసింది. అది కూడా వాడు చెప్పలేదు, వాళ్ళావిడ మా ఆవిడకి చెప్పింది.

మా ఆవిడ ప్రశ్న తగిలేది సరిగ్గా ఇక్కడే. మూడు నెలల పాటు రోజూ మాట్లాడుకున్న మనిషి గురించి మాకేం తెలుసు? హెడ్ క్యాచ్ మీద వాడి అభిప్రాయం తెలుసు. సిగ్గేసింది. ఫోన్ చేసి, "ఎందుకు చెప్పలేదురా?" అన్నాను. వాడు కాసేపాగి అన్నాడు: "పొద్దున్న లేస్తే అందరూ అదే అడుగుతున్నారు మావా. ఏమైంది, ఎక్కడైనా అప్లై చేశావా, వీసా సంగతేంటి అని. మీరొక్కరే అడగలేదు. రోజుకో గంట ఉద్యోగం పోనివాడిలా ఉండేవాణ్ణి."

ఇది వినగానే నా వాదన గెలిచినట్టే అనిపించింది. మా ఆవిడకి చెప్పాను కూడా. ఆమె ఒప్పుకోలేదు. "ఆయన మంచివారు కాబట్టి అలా అన్నారు. మీరు బాధపడతారని" అంది. అదీ నిజం కావచ్చు. వాడు అడగకూడదనుకున్నాడో, అడిగితే బాగుండుననుకుని అడగనందుకు సరిపెట్టుకున్నాడో నాకెలా తెలుస్తుంది? అడక్కుండా తెలుసుకోగల సంగతి కాదది.

అందుకే మొన్న కంటి ఆపరేషన్ మాట వచ్చాక, మర్నాడు పొద్దున్నే మెసేజ్ పెట్టాను: "అమ్మకి ఎలా ఉందిరా?" రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, గొంతులో కంగారు. "బాగానే ఉంది. ఏం, ఏమైంది? నువ్వు బాగానే ఉన్నావా?"

తొంభైతొమ్మిది దగ్గర ఆగినవాడు

ఇప్పుడు నాలుగోవాడి గురించి. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్నవాడు. నలుగురిలో నాకు దగ్గరగా ఉన్నది వాడే, అందరికంటే దూరమైందీ వాడే.

వాడు అజహర్ మనిషి. మణికట్టు తిప్పి ఆఫ్ సైడ్ బంతిని లెగ్ సైడ్ పంపడం తప్ప వాడి దృష్టిలో బ్యాటింగ్ లేదు. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోన్యే మ్యాచ్ ఫిక్సింగ్ ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. డిసెంబరులో బోర్డు అజహర్‌ని జీవితకాలం నిషేధించింది. 99 టెస్టుల దగ్గర ఆ లెక్క ఆగిపోయింది. ఆ నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది గానీ అప్పటికి పన్నెండేళ్ళయింది. వాడు 2000లోనే చూడటం మానేశాడు. గదిలో మ్యాచ్ పెడితే లేచి బయటికి వెళ్ళేవాడు. 2003 ఫైనల్‌కి గదిలో ఉన్నా, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడూ గ్రూపులో ఉన్నాడు, వదిలి పోలేదు. ఏమీ రాయడు.

వాడికి ఫోన్ చేస్తే మూడు నిమిషాలు. బాగున్నావా, పిల్లలేం చదువుతున్నారు, ఎండలెలా ఉన్నాయి. నాలుగో నిమిషానికి ఇద్దరం "సరే మరి" అంటాం. నేను గొప్పగా చెప్పుకుంటున్న "రేపటి మ్యాచ్" వాడి విషయంలో పనికిరాదు. వాడికి రేపు మ్యాచ్ లేదు. ఒక్క మాటతో నడిచే స్నేహంలో ఆ మాట వద్దనుకున్నవాడికి చోటెక్కడ? దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆపరేషన్ గురించి అడిగిన ఊపులో, గత వారం వాడికీ చేశాను. మూడు నిమిషాలూ మామూలుగానే గడిచాయి. "సరే మరి" అనే ముందు ఏదో ఒకటి పొడిగిద్దామని, నేను ఇరవై ఏళ్ళుగా అందరికీ చెప్పే కథ ఎత్తుకున్నాను. ఆస్ట్రేలియాతో కలకత్తా టెస్టు, 2001 మార్చి 14, నాలుగో రోజు. బాగా వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నాం. లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా ఆడి ఒక్క వికెట్ కూడా ఇవ్వలేదు. పొద్దున 4 వికెట్లకు 254, సాయంత్రం అవే 4 వికెట్లకు 589. ఆ రోజు నేను మంచం మీద కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. కదిలితే వికెట్ పడుతుందని లేవలేదు. లక్ష్మణ్ కొట్టిన 281లో నా వాటా కనీసం పదైనా ఉంటుంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడన్నాడు:

"ఆ రోజు నువ్వు లేవు కదరా."

నవ్వాను. వాడు నవ్వలేదు. "నువ్వు ఇంటర్వ్యూకని బెంగళూరు పోయావు. నీ చోటు ఖాళీగా ఉంది. లక్ష్మణ్ ఆడుతున్నాడని అంటే ఓ పది నిమిషాలు చూద్దామని కూర్చున్నా. వాళ్ళిద్దరూ నన్ను ఇక లేవనిస్తే కదా. తిండి కూడా అక్కడికే తెచ్చారు. ఆటయిపోయేసరికి కాళ్ళు పట్టేశాయి."

ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త తన చిన్ననాటి జ్ఞాపకం ఒకటి రాశాడు. 1941 డిసెంబరు 7న రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ వింటుంటే, మధ్యలో ఆపి పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిందని చెప్పారట. ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ ఆయనకి తట్టలేదు, డిసెంబరులో బేస్‌బాల్ ఉండదని. ఆ రోజు ప్రసారమైంది ఫుట్‌బాల్ అయి ఉంటుందని తర్వాత వేరేవాళ్ళు లెక్క తేల్చారు. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు ఆయన విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళకి మళ్ళీ అడిగితే చాలామంది చెప్పింది దానితో కలవలేదు. తమ చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం వెనక్కి రాలేదు. ఇది చదివినప్పుడు వాళ్ళ మీద జాలిపడ్డాను. నాకలాంటి గతి పట్టదని గట్టి నమ్మకం. కిటికీలోంచి ఎండ నా మోకాలి మీద పడటం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఎండ ఏదో ఒక రోజు పడే ఉంటుంది లెండి.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"ఎవడడిగాడు?"

ఆ తర్వాత వాడు లక్ష్మణ్ వార్న్‌ని ఆడిన తీరు గురించి మొదలుపెట్టాడు. లెగ్ స్టంప్ బయట గరుకులో పడి తిరిగే బంతిని ముందుకొచ్చి, లోపలి నుంచి కవర్స్ మీదుగా కొట్టడం. అదే బంతిని మిడ్‌వికెట్ వైపు తిప్పడం. అది అజహర్ మణికట్టేనట, కాకపోతే లక్ష్మణ్ నిదానంగా తిప్పుతాడట. పాతికేళ్ళ నుంచి చూడనివాడికి ఒక్కో షాటూ గుర్తుంది. చూడని పాతికేళ్ళలో వేరేవి వచ్చి దాని మీద పడలేదు కాబట్టేమో. ఫోన్ పెట్టేసి చూస్తే యాభై రెండు నిమిషాలయింది. పాత మ్యాచ్ తప్ప ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం ఈసారీ అడగలేదు.

ఆ రాత్రి అటక మీది పాత ఫైలు దింపాను. కాల్ లెటర్ ఉంది. 2001 మార్చి 14, ఉదయం పదింటికి, బెంగళూరు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ సంగతి మాత్రం బాగానే గుర్తుంది.

డాలస్ వాడిని మాటల్లో మాటగా కదిపి చూశాను: "కలకత్తా నాలుగో రోజు గదిలో ఎవరెవరం ఉన్నాం?" వాడు తడుముకోకుండా చెప్పాడు: "నువ్వు కిటికీ పక్కన. లేవనంటే లేవనని కూర్చున్నావుగా." వాడు స్వయంగా చూసి చెప్తున్నాడో, ఇరవై ఏళ్ళుగా నేను చెప్పింది విని చెప్తున్నాడో!

లెటర్‌ని ఫొటో తీశాను. గ్రూపులో ఇంకా పెట్టలేదు.